చెన్నైలో బీఎస్సీ కెమిస్ట్రీ: మూడేళ్ల చదువుకు ముందుగా వేసుకోవలసిన ప్రణాళిక

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చే విద్యార్థులూ, తరతరాలుగా చెన్నైలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ముందుగా అడిగేది ఏ కాలేజీలో సీటు వస్తుందనే. ఆ ప్రశ్న అవసరమైనదే. అయితే కెమిస్ట్రీ చదవదలచుకున్నవారు దానికన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మూడో సంవత్సరం ఫిబ్రవరి నాటికి తమకు ఏమేమి వచ్చి ఉండాలో వారు ఇప్పుడే నిర్ణయించుకోవాలి.

ఫిబ్రవరి అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరులోని ఐఐఎస్సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్ వంటి సంస్థల్లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి చూపే జామ్ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. తమిళనాడు కాలేజీల్లో డిగ్రీ ఆరు సెమిస్టర్లు. చివరి సెమిస్టర్ పాఠాలు డిసెంబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. అంటే ఆరో సెమిస్టర్ సగం కూడా పూర్తికాకముందే మూడేళ్ల కెమిస్ట్రీ అంతటి మీదా పరీక్ష రాయవలసి వస్తుంది. పైగా క్వాంటం కెమిస్ట్రీ, స్పెక్ట్రోస్కోపీ వంటి బరువైన అంశాలు చాలా సిలబస్‌లలో చివరి రెండు సెమిస్టర్లలోనే ఉంటాయి. కాలేజీ టైమ్‌టేబుల్‌ను మాత్రమే అనుసరించే విద్యార్థి ఎంత శ్రద్ధగా చదివినా ఈ ఒక్క కారణం వల్ల వెనకబడతాడు. కాబట్టి కాలేజీ తన క్రమంలో పాఠాలు చెబుతుండగా, దానికి కొంచెం ముందు నడిచే సొంత క్రమం ఒకటి పెట్టుకోవడమే ఇక్కడ ప్రణాళిక అనే మాటకు అర్థం.

చేరే ముందు: ఏ డిగ్రీ, ఏ దారి

తమిళనాడు ప్రభుత్వ పరిధిలోని కాలేజీల్లో బీఎస్సీ మూడేళ్ల కోర్సు. ఆ తరువాత ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతిలో నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ మొదలైంది కనుక, అక్కడి స్నేహితుల చదువుతో ఇక్కడి చదువును పోల్చుకునేటప్పుడు సంవత్సరాల లెక్క సరిచూసుకోవాలి. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసినవారు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడానికి యూజీసీ 2022 నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. మూడేళ్ల డిగ్రీ చేసినవారికి ఎమ్మెస్సీ గాని, ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ గాని తప్పనిసరి. ఇందులో నష్టమేమీ లేదు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ స్థాయి లోతు లేకుండా పరిశోధనలోకి దిగడం ఎలాగూ కష్టమే.

పరిశోధనే ధ్యేయమని ఇంటర్ చదువుతున్నప్పుడే తేల్చుకున్నవారు సైన్స్ విద్యకు, పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన తిరుపతి ఐఐఎస్ఈఆర్‌ను మొదట పరిశీలించాలి. 2015లో ఏర్పడిన ఆ సంస్థలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు ఉంది. ప్రవేశం ఐఏటీ అనే పరీక్ష ద్వారా జరుగుతుంది. అలాంటిదే అయిన భువనేశ్వర్‌లోని నైసర్‌కు నెస్ట్ పరీక్ష రాయాలి. ఈ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అక్కడ సీటు రానివారు తమ చదువు రెండో రకం చదువు అనుకోనక్కరలేదు. మంచి బీఎస్సీ చేసినవారికి మూడేళ్ల తరువాత అదే స్థాయి సంస్థల తలుపులు జామ్ ద్వారా మళ్లీ తెరుచుకుంటాయి. ఈ అవకాశం ఉందని తెలియకనే చాలా ఇళ్లలో పిల్లలకు ఇష్టం లేని ఇంజనీరింగ్ శాఖల్లో సీట్లు కొంటున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

కాలేజీని ఎంచుకోవడం

చెన్నైలో కెమిస్ట్రీ చెప్పే పాత కాలేజీలకు కొదవ లేదు. 1837 నాటి మూలాలు గల మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1937 నుంచి తాంబరంలో ఉంది. చేపాక్కంలో ప్రెసిడెన్సీ (1840), నుంగంబాక్కంలో లయోలా (1925) ఉన్నాయి. బాలికలకు మెరీనా ఎదుట క్వీన్ మేరీస్ (1914), కాలేజ్ రోడ్డులో ఉమెన్స్ క్రిస్టియన్ (1915), కెథీడ్రల్ రోడ్డులో స్టెల్లా మేరీస్ (1947), ఎగ్మోరులో ఎథిరాజ్ (1948) ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీలకు టీఎన్‌గాసా పోర్టల్‌లో ఒకే దరఖాస్తు సరిపోతుంది. ఎయిడెడ్ (ప్రభుత్వ సహాయం పొందే), ప్రైవేటు కాలేజీలకు వేటికవే విడిగా దరఖాస్తు చేయాలి. తమిళనాడు ప్లస్ టూ ఫలితాలు వచ్చే సమయంలో, అంటే మే నెలలో, ఈ పని ముమ్మరంగా సాగుతుంది. కొన్ని రోజులు ఆలస్యమైనా మంచి సీటు చేజారిపోవచ్చు.

ఎయిడెడ్ కాలేజీల్లో చాలావాటికి ఉదయం నడిచే ఎయిడెడ్ విభాగం, మధ్యాహ్నం పూర్తిగా ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ విభాగం విడివిడిగా ఉంటాయి. వీటిని షిఫ్ట్ వన్, షిఫ్ట్ టూ అంటారు. రెండింటి ఫీజుల మధ్య తేడా చాలా ఎక్కువ. దరఖాస్తులో ఏ షిఫ్ట్ కోరుతున్నామో స్పష్టంగా రాయాలి. సూళ్లూరుపేట నుంచో, తిరుత్తణి నుంచో లోకల్ రైలులో రోజూ రాకపోకలు సాగించాలనుకునేవారు, సాయంత్రం క్లాసు ముగిశాక ఇంటికి చేరే వేళ ఎంతవుతుందో లెక్కవేసుకున్న తరువాతే షిఫ్ట్ టూకు ఒప్పుకోవాలి. ప్రాక్టికల్స్ ఉన్న రోజున నాలుగు గంటలు నిలబడి పనిచేసిన మనిషి, ఆపైన రైలులో మరో రెండు గంటలు నిలబడితే రాత్రి పుస్తకం తెరవలేడు. హాస్టలు ఖర్చు భరించగలిగితే కనీసం రెండో సంవత్సరం నుంచైనా కాలేజీకి దగ్గరలో ఉండటం మేలు.

కాలేజీ పేరుకన్నా ల్యాబ్‌కు ఎక్కువ విలువ ఇవ్వండి. అడ్మిషన్ల రోజుల్లో డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి, అనుమతి అడిగి, ల్యాబ్ ఒకసారి చూడండి. ఒక బ్యాచ్‌లో ఎందరు విద్యార్థులు ఉంటారో, తూనిక యంత్రాలు ఎన్ని పనిచేస్తున్నాయో, హానికర వాయువులను బయటికి పంపే ఫ్యూమ్ కప్‌బోర్డు ఫ్యాను తిరుగుతోందో లేదో, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ మీద బీఎస్సీ విద్యార్థి చేయి పడుతుందో, లేక అద్దాల గదిలో పెట్టి చూపించి పంపేస్తారో అడిగి తెలుసుకోండి. పదిమంది చుట్టూ నిలబడి ఒక్కరు చేసే ప్రయోగం ఆ ఒక్కరికే నేర్పుతుంది. సీనియర్లు ఎవరైనా తెలుగువారు కనిపిస్తే ఈ సంగతులన్నీ పావుగంటలో తేలిపోతాయి.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు సిలబస్‌ను, పరీక్షలను తామే నిర్ణయించుకుంటాయి. పట్టా మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానిదే. అందుచేత రెండు కాలేజీల్లో ఒకే పేరు గల డిగ్రీలో కూడా పాఠాల క్రమం వేరుగా ఉండవచ్చు. మీరు చేరబోయే కాలేజీ సిలబస్ పీడీఎఫ్‌ను వెబ్‌సైట్ నుంచి దించుకుని, ఆరు సెమిస్టర్లదీ అచ్చు తీయించి దగ్గర పెట్టుకోండి. కింద చెప్పే ప్రణాళిక అంతటికీ ఆ కాగితాలే ఆధారం.

ఆంధ్ర, తెలంగాణ ఇంటర్ బోర్డుల నుంచి వచ్చేవారు మైగ్రేషన్ సర్టిఫికెట్‌ను ముందే తెప్పించుకోవాలి. విశ్వవిద్యాలయం నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కావాలేమో కాలేజీ ఆఫీసులో చేరే రోజునే అడిగి, గడువు తేదీ రాసుకోవాలి. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి గాని, పరీక్ష ఫీజు కట్టే సమయానికి ఇవి లేక తిరిగే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

భాషా పేపర్ల సంగతి

ఇక్కడి డిగ్రీ ఐదు పార్టులుగా ఉంటుంది. పార్ట్ వన్ భాష, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీలో కెమిస్ట్రీ కోర్ పేపర్లు, దానికి తోడుగా చదివే అలైడ్ సబ్జెక్టులు. నాలుగు, ఐదు పార్టుల్లో పర్యావరణ అధ్యయనం, సేవా కార్యక్రమాల వంటివి. తెలుగు బోధించే కాలేజీలో చేరితే పార్ట్ వన్‌లో తెలుగు తీసుకోవచ్చు. నా సలహా కూడా అదే. మన భాషలో రాసే పేపరుకు తక్కువ సమయంలో ఎక్కువ మార్కులు వస్తాయి, మిగిలిన సమయం కెమిస్ట్రీకి దక్కుతుంది. పన్నెండో తరగతి దాకా తమిళం చదవనివారు పార్ట్ ఫోర్‌లో ఆరో తరగతి స్థాయి ప్రాథమిక తమిళం రెండు సెమిస్టర్లు చదవాలి. దీన్ని భారంగా భావించకండి. మనలో చాలామందికి వినడానికి, మాట్లాడడానికి తమిళం వచ్చే ఉంటుంది. చదవడం, రాయడం కూడా వస్తే ల్యాబ్ అసిస్టెంట్లతో, రేపు ఫ్యాక్టరీలో ఆపరేటర్లతో పని సులువవుతుంది.

అలైడ్ గణితం: వదులుకోకూడని పేపరు

కెమిస్ట్రీ మేజర్‌కు సాధారణంగా రెండు అలైడ్ సబ్జెక్టులు ఉంటాయి: ఒకటి గణితం, మరొకటి ఫిజిక్స్. కొన్ని కాలేజీల్లో గణితానికి బదులు బోటనీయో, జువాలజీయో తీసుకునే వీలుంటుంది. బైపీసీ నుంచి వచ్చిన విద్యార్థులు వెంటనే అటు మొగ్గుతారు. లెక్కలకు భయపడే పిల్లలను చూసి తల్లిదండ్రులు కూడా సరేనంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను: వీలున్నంతవరకు గణితాన్నే తీసుకోండి.

బీఎస్సీ కెమిస్ట్రీలో వెనకబడిన విద్యార్థి జవాబు పత్రాలు తిరగేస్తే, అతడు రసాయన చర్యలు గుర్తులేక ఓడిపోలేదనీ, అవకలనం, లాగరిథమ్ చేతకాక ఓడిపోయాడనీ తెలుస్తుంది. థర్మోడైనమిక్స్‌లో పాక్షిక అవకలనం లేకుండా ఒక్క సంబంధాన్నీ రాబట్టలేము. చర్యారేటు సమీకరణాలన్నీ సమాకలనంతో వచ్చినవే. క్వాంటం కెమిస్ట్రీలో పెట్టెలో కణం లెక్కకు అవకలన సమీకరణం కావాలి, హకెల్ పద్ధతికి నిర్ధారకాలు కావాలి. జామ్ కెమిస్ట్రీ సిలబస్‌లో భౌతిక రసాయనం మొదట్లోనే సమాకలనం, అవకలన సమీకరణాలు, సదిశలు, మాత్రికలు, సంభావ్యత విడిగా పేర్కొన్నారు. పైగా కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ ప్రవేశానికి ఇంటర్ స్థాయిలోనైనా గణితం చదివి ఉండాలని అడుగుతాయి. బైపీసీవారు జామ్ అర్హతల పట్టికను మూడో సంవత్సరంలో చూసి కంగారుపడటం కన్నా మొదటి సంవత్సరంలోనే చూసి ఏయే సంస్థలు తమకు తెరిచి ఉన్నాయో తెలుసుకోవాలి.

మీ గణితం ఏ స్థితిలో ఉందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక చర్య 300 కెల్విన్ దగ్గర నుంచి 310 కెల్విన్‌కు వెళ్లినప్పుడు దాని రేటు రెట్టింపైంది. ఉత్తేజన శక్తి ఎంత? ఆర్హీనియస్ సమీకరణాన్ని రెండు ఉష్ణోగ్రతల వద్ద రాసి, భాగించి, లాగరిథమ్ తీసుకుంటే, రెండు యొక్క సహజ సంవర్గమానం 0.693ను 8.314తో, 300తో, 310తో గుణించి పదితో భాగించాలని వస్తుంది. జవాబు మోల్‌కు సుమారు 53.6 కిలోజౌళ్లు. సూత్రం చూడకుండా, సమీకరణం దగ్గర నుంచి మొదలుపెట్టి, యూనిట్లతో సహా దీన్ని ఐదారు నిమిషాల్లో చేయగలిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు. చేయలేకపోతే బెంగపడనక్కరలేదు. మొదటి సెమిస్టర్‌లో రోజుకు ముప్పావుగంట చొప్పున ఇంటర్ గణితంలోని అవకలనం, సమాకలనం, సంవర్గమానాలు, గ్రాఫులు తిరిగి చేయండి. బైపీసీవారు ఈ పనిని డిగ్రీ మొదలయ్యే ముందు దొరికే మే, జూన్ నెలల్లోనే ఆరంభించాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల గణితం ఇందుకు చాలు.

ల్యాబ్‌లో నేర్చుకోవలసింది

మొదటి సంవత్సరంలో టైట్రేషన్లు, ఆ తరువాత లవణాల గుణాత్మక విశ్లేషణ, కర్బన పదార్థాల విశ్లేషణ, భారమాపన విశ్లేషణ, భౌతిక రసాయన ప్రయోగాలు వస్తాయి. క్రమం కాలేజీని బట్టి మారుతుంది. చాలామంది వీటిని రికార్డు రాసి మార్కులు తెచ్చుకునే తతంగంగా చూస్తారు. ఒక్క ప్రయోగాన్ని శ్రద్ధగా గమనిస్తే మూడేళ్ల పాఠాలు అందులోనే కనిపిస్తాయని నా నమ్మకం.

పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లాన్ని టైట్రేట్ చేసే ప్రయోగం తీసుకోండి. ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, అరవై డెబ్బై డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ వదులుతారు. మొదటి చుక్కల రంగు పోవడానికి చాలా సేపు పడుతుంది. ఓపిక లేని విద్యార్థి అదే అంత్యబిందువు అనుకుని ఆపేస్తాడు. కాసేపు కలియతిప్పితే ఆ రంగు పోతుంది, ఆపైన పడే చుక్కలు పడగానే మాయమవుతాయి. చర్యలో పుట్టిన మాంగనీస్ అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకంగా పనిచేయడం దీనికి కారణం. ఐదో సెమిస్టర్‌లో స్వయం ఉత్ప్రేరణం అని చదవబోయేది మొదటి సెమిస్టర్‌లో మీ చేతిలోనే జరుగుతోంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వాడకూడదు? పర్మాంగనేట్ క్లోరైడ్‌ను క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుంది, దాంతో రీడింగు పెరిగిపోతుంది. నైట్రిక్ ఆమ్లమైతే తానే ఆక్సీకరణి. ఆమ్లం చాలకపోతే గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ కనిపిస్తుంది. ముదురు రంగు ద్రావణం కాబట్టి బ్యూరెట్‌లో కింది వంపు కనిపించదు, పై అంచునే చదవాలి. వైవాలో అడిగేవి ఇవే, జామ్‌లో వేరే రూపంలో వచ్చేవీ ఇవే.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు తూచుతుండగానే తడిసి మెరుస్తాయి, తూనిక యంత్రం మీద అంకె నిలకడగా ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా అవి పీల్చుకుంటాయి. అందుకే దాని గాఢతను తూకంతో నిర్ణయించకుండా, ఆక్సాలిక్ ఆమ్లం వంటి ప్రామాణిక పదార్థంతో టైట్రేట్ చేసి తెలుసుకుంటారు. నూరు మిల్లీలీటర్ల 0.1 నార్మల్ ఆక్సాలిక్ ఆమ్లానికి 0.63 గ్రాములు తూచాలి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డులో ఒక వాక్యంలో రాసుకున్న విద్యార్థికి తుల్యాంక భారం మళ్లీ చదవవలసిన పని ఉండదు. డెసికేటర్‌లోని సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారిపోయి ఉంటే దాన్ని వేడిచేసి మళ్లీ నీలం చేసేదాకా అందులో క్రూసిబుల్ పెట్టకండి. భారమాపన విశ్లేషణలో ఒకే బరువు రెండుసార్లు రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ప్రణాళికకు సంబంధించి మరొక స్థానిక విషయం. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు, నవంబరులలో బలంగా ఉంటాయి. భారీ వర్షాలకు కాలేజీలకు సెలవులు ప్రకటించడం ఇక్కడ మామూలే. బేసి సెమిస్టర్ ప్రాక్టికల్ పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. సెలవుల్లో పోయిన ప్రయోగాలను చివరి వారంలో హడావిడిగా చేయిస్తారు. కాబట్టి సెప్టెంబరు ముగిసేలోగా రికార్డు పూర్తిగా సంతకాలతో సిద్ధంగా ఉండేలా చూసుకోండి.

నూలు కోటు, మూసి ఉన్న బూట్లు, కళ్లద్దాలు లేకుండా ల్యాబ్‌లోకి వెళ్లకండి. ఎవరూ అడగకపోయినా సరే వేసుకోవలసిందే.

సెమిస్టర్ల క్రమం

మొదటి రెండు సెమిస్టర్లలో గణితం, మోల్ భావన, ఆయానిక సమతాస్థితి, పరమాణు నిర్మాణం, కర్బన రసాయనంలో ఎలక్ట్రాన్ల కదలిక గట్టిపడాలి. చర్యావిధానాలను బాణాల గుర్తులతో కాగితం మీద చేత్తో గీసే అలవాటు ఇప్పుడే మొదలవ్వాలి. కంఠస్థం చేసిన పేరు గల చర్యలు ఏడాది తిరిగేసరికి మరచిపోతాము, ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో అర్థమైన చర్య ఎన్నాళ్లైనా గుర్తుంటుంది. అరియర్లు, అంటే తప్పి మళ్లీ రాయవలసిన పేపర్లు, రాకుండా చూసుకోండి. మొదటి సంవత్సరం అలైడ్ గణితంలో మిగిలిన అరియరే మూడో సంవత్సరం జామ్ చదువుకు అడ్డుపడుతుంది.

మూడు, నాలుగు సెమిస్టర్లలో థర్మోడైనమిక్స్, చర్యా గతిశాస్త్రం, స్టీరియోకెమిస్ట్రీ, సమన్వయ సమ్మేళనాలు ప్రధానం. అలైడ్ ఫిజిక్స్‌ను తేలిగ్గా తీసుకోకండి; కాంతి, తరంగాలు, విద్యుత్తు అర్థం కాకపోతే స్పెక్ట్రోస్కోపీ మంత్రంలా తోస్తుంది. ఈ సంవత్సరంలోనే కంప్యూటర్ మీద కొంత పని నేర్చుకోవాలి. స్ప్రెడ్‌షీట్‌లో గ్రాఫు గీసి వాలు, దానిలోని దోషం లెక్కకట్టడం వస్తే చాలు. ఆసక్తి ఉంటే పైథాన్ మొదలుపెట్టవచ్చు.

రెండో సంవత్సరం ముగిశాక వచ్చే వేసవి మొత్తం డిగ్రీలో అత్యంత విలువైన కాలం. ఆ రెండు నెలల్లో రెండు పనులకు అవకాశం ఉంటుంది. ఒకటి ఏదైనా పరిశోధనాలయంలో శిక్షణ. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తులు అంతకు ముందు సంవత్సరం చివరి నెలల్లోనే అడుగుతారు; ఇతర సంస్థల ఇంటర్న్‌షిప్‌లకూ వేసవికి ముందే అడుగుతారు. అంటే మూడో సెమిస్టర్ నడుస్తుండగానే వెబ్‌సైట్లు చూస్తూ, సిఫారసు లేఖ ఇవ్వగల అధ్యాపకుడితో మాట్లాడి పెట్టుకోవాలి. వేసవి వచ్చాక వెతికితే ఏమీ దొరకదు. చెన్నైలోనే అడయారులో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ, అంటే సీఎల్‌ఆర్‌ఐ, ఉంది. గిండీలో ప్లాస్టిక్స్ శిక్షణకు పేరొందిన సీపెట్ ఉంది. పక్కనే ఐఐటీ మద్రాసు ఉంది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ సీఎల్‌ఆర్‌ఐకి డైరెక్టరుగా ఉండి, తరువాత దేశంలోని ఇలాంటి పరిశోధన సంస్థలను నడిపే సీఎస్ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. తోలు శుద్ధి చేసే వారి చేతిపనిని రసాయన శాస్త్రంతో కలిపిన ఆయన జీవితాన్ని కెమిస్ట్రీ చదివే తెలుగు విద్యార్థి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

రెండో పని, రాబోయే ఐదు, ఆరు సెమిస్టర్ల పాఠాలను ముందుగా చదవడం. మొదట్లో అచ్చు తీయించిన సిలబస్ ఇక్కడ బయటికి తీయండి. క్వాంటం కెమిస్ట్రీ, స్పెక్ట్రోస్కోపీ, విద్యుత్ రసాయనం, పెరిసైక్లిక్ చర్యల వంటివి జామ్ సిలబస్‌లో ఉండి కాలేజీలో ఇంకా మొదలుకానివి ఏవో గుర్తుపెట్టండి. ఐఐటీ మద్రాసు సమన్వయంతో నడిచే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఇంటర్న్‌షిప్ దొరికినవారు సాయంత్రాలలో ఈ పని చేసుకోవాలి. దొరకనివారు రోజంతా ఈ పనికే కేటాయించవచ్చు. కొట్టూర్‌పురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయం ఇంట్లో చదువుకు చోటు లేని పిల్లలకు పెద్ద ఆసరా.

ఉద్యోగమే లక్ష్యమైతే

ఎమ్మెస్సీకి వెళ్లాలనే ఉద్దేశం అందరికీ ఉండదు, ఉండాలనీ లేదు. ఇంటి పరిస్థితుల వల్ల డిగ్రీ తరువాత వెంటనే సంపాదించవలసినవారు రెండో సంవత్సరం నుంచే విశ్లేషణ రసాయనం వైపు మొగ్గాలి. మనలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి ప్రాంతాల పరిశ్రమల్లో, తడ దగ్గరి శ్రీసిటీలో, హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖ దగ్గరి పరవాడలో ఉన్న ఔషధ కర్మాగారాల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లకు బీఎస్సీవారిని తీసుకుంటారు. అక్కడ అడిగేది మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, గ్యాస్ క్రొమటోగ్రఫీ, కార్ల్ ఫిషర్ తేమ పరీక్ష, రికార్డును చెరపకుండా, కొట్టివేతకు సంతకం పెడుతూ నమోదు చేసే క్రమశిక్షణ. కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ లేకపోయినా, అది ఏ సూత్రం మీద పనిచేస్తుందో, కాలమ్‌లో ఏది ముందు వస్తుందో ఎందుకు వస్తుందో చెప్పగలిగినవారికి ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది. ఫీజు దండుకుని పది రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణ కేంద్రాల్లో చేరే ముందు, యంత్రం మీద మీరే ఎన్ని గంటలు పనిచేస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఉపాధ్యాయ వృత్తి కోరేవారు డిగ్రీ తరువాత బీఈడీ, వీలైతే ఎమ్మెస్సీ కూడా చేయాలి. ఏ రాష్ట్రంలో ఉద్యోగం కోరుతున్నారో ఆ రాష్ట్రపు నిబంధనలను ముందే చూసుకోవాలి.

చివరి సంవత్సరం

జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరులలో ఉంటాయి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఒకే సరైన జవాబు గల 30 ప్రశ్నల విభాగంలో తప్పుకు మార్కులు కోస్తారు. ఒకటికి మించి సరైన జవాబులు ఉండగల పది ప్రశ్నలకూ, సంఖ్య రూపంలో జవాబు రాసే ఇరవై ప్రశ్నలకూ తప్పుకు కోత లేదు. ఈ పద్ధతిని బట్టి చదువు తీరు మారాలి. సంఖ్యా జవాబుల విభాగంలో ఊహించి పెట్టడానికి ఎంపికలు ఉండవు, లెక్క పూర్తిగా చేసి దశాంశాల దాకా చేరాలి. అందుకే పాత ప్రశ్నపత్రాలను ఆగస్టు నుంచి వారానికి ఒకటి చొప్పున గడియారం పెట్టుకుని చేయాలి. నవంబరు సెమిస్టర్ పరీక్షలు ముగిశాక ఫిబ్రవరి దాకా ఉన్న కాలంలో కొత్త అంశం ఏదీ మొదలుపెట్టకుండా, తప్పుచేసిన లెక్కలనే తిరిగి చేయడం మంచిది.

జామ్ ఒక్కదానినే నమ్ముకోకండి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఎమ్మెస్సీ ప్రవేశం సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. సిలబస్ చాలావరకు కలుస్తుంది కాబట్టి విడిగా చదవనక్కరలేదు, దరఖాస్తు గడువు మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ ప్రాంగణంలోని ఎమ్మెస్సీకీ, మీరు చదివిన కాలేజీలోనే ఎమ్మెస్సీ ఉంటే దానికీ దరఖాస్తు పెట్టి ఉంచండి. ఆరో సెమిస్టర్ ప్రాజెక్టును జామ్ పేరు చెప్పి నిర్లక్ష్యం చేయకండి. ఆ ప్రాజెక్టు పర్యవేక్షకుడే రేపు మీకు సిఫారసు లేఖ రాసేది. ఫలితాలు వచ్చాక ప్రవేశాల సమయంలో అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు తక్కువ వ్యవధిలో అడుగుతారు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లేవిగా ఉండాలి. ఆంధ్రలో సొంత ఊరు ఉండి చెన్నైలో చదువుతున్నవారు వీటిని తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకోవడానికి ఏప్రిల్‌లోనే ఒకసారి ఊరికి వెళ్లి రావాలి.